చెవులన్న అట్టా అనడు

"ఆ ఫోను ఆపవయ్యా!"

పక్క మంచం దగ్గర కూర్చున్న ముసలామె అరుపుకి వార్డంతా అటు తిరిగింది.

కల్యాణ్‌కి ఒళ్ళు మండింది. జగ్గయ్యపేట నుంచి కూతుర్ని తెచ్చి నందిగామ ఆసుపత్రిలో చేర్చాడు. ఏడేళ్ళ కృష్ణప్రియకి అపెండిక్స్ ఆపరేషన్. ఇంకో పావుగంటలో థియేటర్‌కి తీసుకెళ్తారు. పొద్దుటి నుంచీ వణికిపోతున్న పిల్ల, ఫోనులో చెవులన్నతో మాట్లాడాకే కాస్త నవ్వింది.

చెవులన్న టీవీలో వచ్చే కుందేలు బొమ్మ. స్టూడియో వాళ్ళు ఈమధ్యే దాన్ని ఓ ఏఐ కంపెనీకి రాసిచ్చేశారు. రూపం, పేరు, నవ్వు అన్నీ కలిపి, సంతలో గొడ్డుని తోలిచ్చినట్టు. ఇప్పుడు ఏ పిల్ల పిలిచినా ఫోనులో పలుకుతుంది.

"మీకేంటండీ ఇబ్బంది?" అన్నాడు కల్యాణ్.

"అదేమందో వినలా? 'నేను పోతున్నా ప్రియా, నువ్వూ పో' అంది. ఆపరేషన్‌కెళ్ళే బిడ్డతో అనే మాటేనా అది? చెవులన్న అట్టా అనడు. వెళ్ళొస్తా అంటాడు. వెళ్ళిరా అంటాడు."

"మిషనుకి అవన్నీ ఏం తెలుస్తాయండీ?"

"తెలీనిదాన్ని పసిపిల్లల మీదికెందుకు వదిలారు?"

అప్పటికే పిల్ల మొహంలో నవ్వు మాయమైంది.

"నాన్నా, తాతయ్య పోయాడన్నారుగా... నేనూ అట్టాగే పోతానా?"

కల్యాణ్ కోపం ఫోను మీదికి పోలేదు, ముసలామె మీదికే మళ్ళింది.

"మీరు అరవబట్టే పిల్ల బెదిరింది!"

ఆమె లేచి దగ్గరికొచ్చింది.

"నన్నొక్క మాట మాట్లాడనియ్యి బాబూ. సర్దుకుంటుంది."

"మీ మాటెవరిక్కావాలి? దానికి చెవులన్న కావాలి! సిస్టర్, ముందు ఈవిణ్ణి బయటికి పంపండి."

నర్సు మెర్లిన్ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని, ముసలామె తనే బయటికి నడిచింది.

కల్యాణ్ మళ్ళీ ఫోను నొక్కాడు.

"హాయ్ ప్రియా! నువ్వింకా పోలేదా?" అంది కుందేలు హుషారుగా.

పిల్ల కెవ్వుమంది. స్ట్రెచర్ మీద ఏడుస్తూనే లోపలికెళ్ళింది. థియేటర్ తలుపులు మూసేశాక కల్యాణ్ వార్డులోకి తిరిగొచ్చాడు.

కాలికి కట్టుతో పక్క మంచం మీదున్న ముసలామె భర్త ఇశ్రాయేలు కల్యాణ్ వైపు తిరిగాడు.

"ఇరవై రెండేళ్ళు ఆ కుందేలుకి గొంతిచ్చింది మా ఆరోగ్యమ్మే బాబూ, దాన్నొక్క మాట అడక్కుండా అమ్ముకున్నోళ్ళు ఇయ్యాల ఆ గొంతుతోనే నీ బిడ్డని పొమ్మనిపించారు."