చల్లటి టైరుకే గాలి

“ఆగప్పా! ఆ టైర్లతో బండి కదిలిస్తావా ఏంది?”

తిరువేంగడం కేకకి జీపు వెనక వంగి ఉన్న యువకుడు ఉలిక్కిపడి లేచాడు.

అప్పటికి ఉదయం ఏడు కూడా కాలేదు. మాధవరం పాలకాలనీ వెనక వీధిలో పాల వ్యాను తప్ప ఇంకేదీ తిరగడం లేదు. ఎదురింటి రఘురామ్ పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే జనరేటర్ బండి, పెళ్ళిళ్ళుండని ఆడి నెల మొదలైనప్పటినుంచీ గోడ పక్కనే ఎండుతూ తడుస్తూ పడి ఉంది. ఆ రెండు చక్రాల బండినే ఆ యువకుడు తన జీపుకి తగిలిస్తున్నాడు.

తిరువేంగడం మనలి ఫ్యాక్టరీలకి ముప్ఫై రెండేళ్ళు ట్రైలర్ లారీ నడిపాడు. దారిలో ఒక్క టైరు కూడా పేలలేదన్నది ఆయన గొప్ప. ఆ గొప్ప వినే ఓపికే ఇంట్లో ఎవరికీ లేదు. అల్లుడు విజయకుమార్ అయితే, మామ నోట టైరు మాట రాగానే ఫోను చెవికి ఆనించుకుని మేడెక్కేస్తాడు.

“రఘురామ్ పంపించినాడా?”

యువకుడు క్షణం ఆగి, “ఆమా సార్. రఘురామ్ సారే” అన్నాడు.

“తిరుపతి కొండ మీదుండి కూడా బండిని మరవలేదే వాడు! రిపేరుకా?”

“ఆమా, రిపేరుకే.”

“పేరేంది?”

“మునిస్వామి సార్. అర్జెంటుగా పోవాల.”

“అర్జెంటంటే ఆస్పత్రికి పోతావు. కూర్చో ఈడ.”

ఆయన గొంతుక్కూర్చుని, ఉమ్మి తడిచేసిన బొటనవేలితో టైరు పక్కన దుమ్ము తుడిచాడు.

“ఈ నాలుగంకెలు చూడు. ముందు రెండు వారం, వెనక రెండు సంవత్సరం. పదహారులో పుట్టిందిది. పైన చూస్తే కొత్తగానే ఉండాది. పక్కన చూడు, ఎట్టా నెర్రెలిచ్చిందో! నిలబడిన బండి టైరు అరిగి చావదు తంబీ, ఎండి చస్తాది.”

“నిదానంగా పోతా సార్.”

“నిదానంగా పోతే పేలదా? మలుపులో పేలిందనుకో, ఈ జనరేటరు నీ జీపునే ఈడ్చుకుపోతాది.”

మునిస్వామి నుదురు తుడుచుకుని వీధి చివరికి చూశాడు. ఆ చెమట చూస్తే తిరువేంగడానికి ముచ్చటేసింది. ఇన్నాళ్ళకి టైరంటే భయమున్న మనిషి దొరికాడు.

షెడ్డులోంచి గోనెపట్టా చుట్టి, రిమ్ములతో సహా దాచిన రెండు టైర్లు దొర్లించుకొచ్చాడు. అల్లుడి మినీ వ్యానుకని కొంటే అల్లుడు వద్దన్నవి. సైజు సరిగ్గా సరిపోయింది.

“కారు టైర్లు దీనికి పనికిరావు, పక్కలు మెత్తన. ఇవి బరువు మోసేవి. జాకీ తీయి.”

అరగంటలో రెండూ మారాయి. భార్య మంగళ కాఫీ తెస్తే మునిస్వామి నిలబడే ఒక్క గుక్కలో తాగి నాలుక కాల్చుకున్నాడు.

“పాపం, ఎంత మర్యాదో! కూర్చోను కూడా కూర్చోడు” అంది మంగళ.

తిరువేంగడం గాలి మెషీను పట్టుకొచ్చాడు. “గాలి చల్లటి టైరుకే చూడాల, పరిగెత్తి కాగినాక కాదు. లాగే నీ జీపుకి వెనక టైర్లలో కాస్త ఎక్కువుండాల, బరువంతా ఆ కొక్కెం మీదే కదా. ఇరవై కిలోమీటర్లు పోయినాక ఆగి నట్లు మళ్ళా బిగించు.”

“ఆగాలా సార్?”

“ఆగాల! ఆగకపోతే చక్రం ఒక దారి, నువ్వొక దారి.”

పాల వ్యానుని పక్కకి జరిపించి, చెయ్యి ఊపుతూ ఆయనే బండిని మలుపు దాకా నడిపించాడు. మెయిన్ రోడ్డంతా గుంతలు, బస్సు డిపో వెనక దారిలో పొమ్మన్నాడు. మునిస్వామి జీపు దిగొచ్చి ఆయన కాళ్ళకి దండం పెట్టాడు.

“మీలాంటోళ్ళని నేను చూళ్ళేదు సార్.”

తిరువేంగడానికి కళ్ళు చెమర్చాయి. అల్లుడు ఒక్కసారైనా ఆ మాట అన్నాడా!

ఇంట్లోకి వస్తూనే తిరుపతికి ఫోను కలిపాడు.

“రఘురామూ, నీ బండికి కొత్త టైర్లేసి పంపించినాను. గాలి, నట్లు, అన్నీ నేనే చూసినా. రిపేరుకని నువ్వు పంపిన కుర్రోడు బంగారమబ్బా, చెప్పిందల్లా విన్నాడు!”

కొండ మీది జనం గోలలోంచి రఘురామ్ గొంతు పెంచాడు.

“నేనెవర్నీ పంపలేదే మామా!”