ఫెర్డినాండ్ ఎవరు?

"బాస్, నా కొంప మునిగింది!"

తను పనిచేసే మాంసం దుకాణంలోకి బోయెట్ పరుగెత్తుకొచ్చిన తీరు చూసి, యజమాని స్టాన్ కత్తి పక్కన పెట్టేశాడు. బోయెట్ చేతిలో ఫోను, అందులో ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి మెయిలు.

నిన్న ఆఫీసరు దుకాణానికి ఫోన్ చేసి, ఫెర్డినాండ్ లక్సమానా ఇక్కడ పనిచేస్తున్నాడా అని అడిగాడట. అలాంటివాళ్ళెవరూ లేరని జవాబొచ్చిందట. ఇవాళ పదకొండింటికి మళ్ళీ చేస్తాడు. సంజాయిషీ నచ్చకపోతే స్టాన్ రాసిచ్చిన ఉద్యోగపత్రం బూటకమని తేల్చేస్తాడు. అప్పుడిక శాశ్వత నివాసం మాట మరిచిపోయి, బోయెట్ కెనడా వదిలి ఫిలిప్పీన్స్‌కి, సొంతూరు ఇలోయిలోకి విమానం ఎక్కాల్సిందే.

"నిన్న ఫోనెత్తిందెవరు?" స్టాన్ గొంతు లేచింది.

కౌంటర్ దగ్గర మరీవిక్ మొహం పాలిపోయింది. "నేనే."

"మతి పోయిందా నీకు?"

"ఫెర్డినాండ్ ఎవరో నాకేం తెలుసు బాస్? మనకి తెలిసింది బోయెట్టేగా!"

బోయెట్ నెత్తి కొట్టుకున్నాడు. "అక్క తప్పేం లేదు బాస్. నా అసలు పేరు తనకెలా తెలుస్తుంది? మా వాళ్ళంతే. మా మేనమామని ఊరంతా డోడోంగ్ అనేవాళ్ళు. ఆయన పోతే చర్చి తలుపు మీద అసలు పేరు రాశారు. ఎవరో పరాయివాడు పోయాడనుకుని సగం ఊరు వెనక్కెళ్ళిపోయింది!"

స్టాన్ నవ్వలేదు. గడియారం పదిన్నర చూపిస్తోంది.

బోయెట్ కాఫీ కప్పు తెచ్చి మరీవిక్ చేతిలో పెట్టాడు. "ఎందుకక్కా అలా బెంగపడతావు? నువ్వేమైనా కావాలని చేశావా ఏంటి?"

ఆమె కప్పు పక్కన పెట్టేసింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. పిల్లలిద్దర్నీ ఫోన్లో చూసుకుంటూ మూడేళ్ళు గడిపినవాడు. ఒక్క మాటైనా తిట్టడేం వీడు!

పదకొండింటికి ఫోన్ మోగింది. స్టాన్ స్పీకరు పెట్టి ఏదో చెప్పబోయాడు.

"మీరు చెప్పేది మీ పత్రంలో ఉంది," అన్నాడు ఆఫీసరు. "నిన్న ఫోనెత్తినామెతో మాట్లాడాలి."

మరీవిక్ ముందుకొచ్చింది.

"నిన్న లేడన్నారు. ఇవాళ ఉన్నాడంటున్నారు. ఏది నిజం?"

"ఉన్నాడండీ. నిన్నటి తప్పు నాది. మాలో అసలు పేరు కాగితాల మీదే ఉంటుంది, పిలిచేది వేరే. నా పేరు మరియా విక్టోరియా. అలా పిలిస్తే నేనే పలకను."

అవతల కంప్యూటర్ మీటల చప్పుడు.

"జింకల వేట సీజను కదా, వేటగాళ్ళు తెచ్చే మాంసం కోయడానికి ఇప్పుడు మీకు పని ఎక్కువే. అది ముగిశాక ఇతనికేం పని?"

సీజను కొలువైతే పత్రం చెల్లదు. ఒక్క మాట తడబడితే చాలు.

మరీవిక్ కళ్ళు మూసుకుంది. "వేట అయిపోతే క్రిస్మస్ సాసేజీలు, ఆపైన ఈస్టర్ హ్యామ్, ఎండాకాలం రాగానే స్టీకులు. ఇక్కడ కత్తికి ఆదివారం ఒక్కటే సెలవండీ."

"ఆ పనికి మీ దుకాణంలో ఇంకెవరూ సరిపోరా?"

ఆమె ఒకసారి బోయెట్ వైపు చూసింది. బోయెట్ ఏప్రన్ అంచు నోట్లో కుక్కుకున్నాడు.

"ఇతనంత ఎవరూ సరిపోరండీ."

"మంచిది. వివరాలు సరిపోయాయని రాసుకుంటున్నాను."

ఫోన్ పెట్టగానే బోయెట్ ఆమెను పట్టుకుని భోరుమన్నాడు. "ప్రాణం నిలబెట్టావక్కా! చూస్తూ ఉండు, వచ్చే ఏడు బాస్ నీకూ ఓ పత్రం రాసిస్తాడు!"

"ఇంత చిన్న కొట్టుకి ఒక్క పర్మనెంట్ కొలువే ఎక్కువ," అని గొణిగాడు స్టాన్, కళ్ళు తుడుచుకుంటూ.

మరీవిక్ నవ్వింది. బకెట్టు తీసుకుని, ఎప్పట్లాగే స్టాన్ ఆఫీసు గది తుడవడానికి వెళ్ళింది.

మూడు నెలలుగా ఆ గది తుడిచే ప్రతిసారీ ఆమె బల్ల సొరుగు లాగి, బోయెట్ ఉద్యోగపత్రం నకలు తీసి, 'ఫెర్డినాండ్ లక్సమానా' అని ఉన్నచోటల్లా తన పేరు పెట్టుకుని చదువుకునేది.