మూడో నంబరు చేప

మూడో నంబరు చేప వెల్లకిలా తేలింది.

గడియారాలు బాగుచేసే ఆయన వంగి చూశాడు. చెంచాతో కదిపాడు. నోటితో ఊదాడు కూడా. చేప కదల్లేదు. ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి.

అది మామూలు చేప కాదు. కొండవాగుల్లో తప్ప ఇంకెక్కడా బతకని ఎర్రతోక చేప. ఇప్పుడా వాగుల్లోనూ కనబడటం లేదు. రెండేళ్ళు గాలిస్తే దొరికినవి నాలుగే నాలుగు. ఆ నాలుగూ ఆయన ఇంట్లో, ముందుగదిలో, అంకెలు వేసిన నాలుగు గాజు తొట్లలో ఉన్నాయి. ఆయన భార్య చేపల పరిశోధకురాలు. ల్యాబ్‌లో నీళ్ళు చల్లబరిచే మిషన్ పాడైందని నెల క్రితం వాటిని ఇంటికి తెచ్చింది.

"వాగుల సర్వేకి వెళ్తున్నా," అంది మొన్న బయల్దేరుతూ. "నీళ్ళ చల్లదనం, అడుగున గులకరాళ్ళు, ఒడ్డున నీడ... అన్నీ కొలిచి, వీటి పిల్లల్ని ఏ వాగులో వదలొచ్చో తేల్చాలి. వారం పడుతుంది. నేనొచ్చేసరికి ఇవి నాలుగూ నాలుగ్గానే ఉండాలి. ఒక్కటి తగ్గినా నా ఉద్యోగం గోవిందా."

ఆమె వెళ్ళి రెండు రోజులే అయింది.

ఆయన చచ్చిన చేపని ఖాళీ గడియారం డబ్బాలో పెట్టుకుని, రెండు వీధుల అవతల ఉన్న రంగు చేపల కొట్టుకి పరిగెత్తాడు.

"ఇలాంటిదే కావాలి. అచ్చం ఇలాంటిదే!"

కొట్టతను కళ్ళజోడు సర్దుకుని డబ్బాలోకి చూశాడు. "ఒక్కటే మిగిలిందండీ. ఇవ్వమంటారా?"

అది అచ్చుగుద్దినట్టు అలాగే ఉంది. మూడో తొట్టిలో వేయగానే రయ్యిమని ఒక చుట్టు చుట్టింది.

వారం తిరిగాక భార్య వచ్చింది. మోకాళ్ళ దాకా బురద.

"నాలుగూ ఉన్నాయిగా?" అంది గుమ్మంలోంచే.

"లక్షణంగా ఉన్నాయి."

ఆమె తొట్ల వంకైనా చూడకుండా స్నానానికి వెళ్ళిపోయింది. ఆయన తనకు తెలిసిన దేవుళ్ళందరికీ వరసపెట్టి దండం పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె పై అధికారి చేతిలో చిన్న పెట్టెతో దిగాడు.

"నాలుగింటికీ డీఎన్‌ఏ పరీక్ష చేయమని ఉత్తర్వు వచ్చిందమ్మా. అన్నీ ఒకే తల్లి పిల్లలైతే జత కట్టించకూడదుగా. తోక అంచు నుంచి ఆవగింజంత ముక్క చాలు."

భార్య ముఖం పాలిపోయింది. "చాలా నీరసంగా ఉన్నాయి సార్. ఇప్పుడు కత్తెర పెడితే..."

"నీరసమంటే అలాంటిలాంటి నీరసం కాదు సార్!" అందుకున్నాడు భర్త. "నిన్నంతా తిండే ముట్టలేదు."

"నీళ్ళు కూడా ఇప్పుడే మార్చాం సార్."

"ఒకటైతే దగ్గుతోంది సార్."

"చేప దగ్గుతోందా?" అన్నాడు అధికారి.

ఆయన నాలుగు ముక్కలూ నాలుగు సీసాల్లో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ పది రోజులూ ఇంట్లో ఇద్దరికీ ముద్ద దిగలేదు. ఆయన ఎవరి గడియారానికో చిన్నముల్లు ఉండాల్సిన చోట పెద్దముల్లు బిగించాడు. ఆమె రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులు వేసుకుని ఆఫీసుకి వెళ్ళింది. నిజం చెప్పేద్దామని ఆయన నోరు తెరిచినప్పుడల్లా, "ఇప్పుడేమీ అడక్కండి," అనేది. పాపం, చేపలంటే ఎంత ప్రాణమో అని ఆయనకి జాలేసేది.

పదకొండో రోజు అధికారి కాగితం ఊపుకుంటూ వచ్చాడు.

"మూడు చేపలు బజారు రకం. అసలైన ఎర్రతోక ఒక్కటే!"

భర్తకి లెక్క అందలేదు. తను మార్చింది ఒకటైతే మూడెలా అయ్యాయి?

"ఏది సార్ ఆ ఒక్కటీ?"

"మూడో నంబరు."

భర్త కుర్చీలో కూలబడ్డాడు. ఇక దాచలేకపోయాడు. తేలిన చేప, గడియారం డబ్బా, కొట్టు... అంతా కక్కేశాడు.

అధికారి ఎగిరి గంతేశాడు. "అంటే ఇవి ఎక్కడో ఇంకా బతికున్నాయన్నమాట! ఆ కొట్టతనికి ఎక్కడ దొరికిందో తెలిస్తే చాలు!"

"మరి మిగతా మూడూ..." అని నసిగాడు భర్త.

"రెండు రకాలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పట్టేటప్పుడే మనవాళ్ళు పొరబడి ఉంటారు."

"అదే అయ్యుంటుంది సార్," అంది భార్య వెంటనే.

తిట్లు తప్పవనుకున్న భర్త చేతిని ఆమె గట్టిగా పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు. "నా ఉద్యోగం కోసం ఇంత పని చేశారా!"

ఆయన కరిగిపోయాడు.

"పదండి కొట్టుకి," అన్నాడు అధికారి.

"నాకు తలనొప్పిగా ఉంది సార్. మీరిద్దరూ వెళ్ళిరండి."

"ఇంత గొప్పరోజున తలనొప్పేంటమ్మా!" ఆయన ఆమెని బతిమాలి జీపెక్కించాడు.

కొట్టతను ఇట్టే గుర్తుపట్టాడు. "అదాండీ? ఇటుకబట్టీల వెనక కొండ మీంచి దిగే చిన్న వాగుంది. నీళ్ళు మంచుగడ్డలా ఉంటాయి. అడుగునంతా గులకరాళ్ళు, రెండు పక్కలా చెట్లు. నాచు కోసం వెళ్తే వలలో పడింది. అక్కడ ఇలాంటివి బోలెడు."

అధికారి గబగబా రాసుకున్నాడు. భర్త ఛాతీ ఉబ్బింది. భార్య ఎందుకో ముఖానికి చెంగు అడ్డం పెట్టుకుని, మూలనున్న తాబేలుని తదేకంగా చూస్తోంది.

కొట్టతను అటు తొంగిచూసి, ముఖమంతా నవ్వు చేసుకుని అన్నాడు: "మిగతా నాలుగూ మీరు పట్టుకెళ్ళిన రోజే ఆ ఐదోదాన్ని కూడా తీసుకోమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను, సరిగ్గా నాలుగే కావాలన్నది మీరే కదండీ మేడమ్!"