పది గంటల ఆకలి

ఉతకబోతున్న గౌను జేబులో పచ్చటి పొడి కనిపించింది. అమ్మ వాసన చూసింది.

గుడ్డు పచ్చసొన.



కూతురికి మూడేళ్లప్పుడు ఆపిల్ ముక్క గొంతుకు అడ్డం పడింది. పిల్ల నీలంగా మారిన ఆ అర నిమిషం అమ్మ కళ్లముందు నుంచి పోలేదు. ఇప్పుడు పిల్లకి ఆరేళ్లు. ఈనాటికీ పాలూ, అందులో నానబెట్టిన తీపి బిస్కెట్లే దాని తిండి. బడికి వెళ్లే డబ్బాలోనూ అవే.

"ఎవరు పెట్టారే ఇది?"

"బడిలో ఆయా. రోజూ పది గంటలకి తన డబ్బాలోంచి పెడుతుంది. నమిలి నోరు తెరిచి చూపిస్తేనే ఇంకో ముక్క."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏడుస్తావుగా."

నాన్న పేపర్లోంచి తలెత్తాడు. "పోన్లెద్దూ. మన గండుచీమ ఈమధ్య ఎవర్నీ కొరకడం లేదు, అదే పదివేలు."

నిజమే. మూడు నెలల కిందటిదాకా వారానికో ఫిర్యాదు. ఇలాగైతే బడిలో ఉంచుకోలేమని పెద్ద టీచర్ చెప్పేసింది కూడా. ఆ సీటు పోతే మళ్లీ ఏ బడి చేర్చుకుంటుందోనని అమ్మకి కంటిమీద కునుకుండేది కాదు.

"పెద్దదవుతోంది, మానుకుంది. దానికీ గుడ్డుకీ ఏం సంబంధం? రేపు ఆ ముక్క అడ్డం పడితే?"

మర్నాడు పెద్ద టీచర్ గదిలో అమ్మ పట్టుపట్టి కూర్చుంది. తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ ఆయా గుమ్మంలో నిలబడింది.

"ఆకలికే కొరుకుతోందమ్మా పిల్ల. ఆ బిస్కెట్లు ఎంతసేపు ఆగుతాయి? పది కొట్టేసరికి..."

"నా కూతురి ఆకలి నాకు తెలీదా? కన్నది నేనా, నువ్వా?"

అమ్మ పెద్ద టీచర్ వైపు తిరిగింది.

"ఈవిడ ఉంటే నా కూతురు ఉండదు," అమ్మ తేల్చి చెప్పింది.

పెద్ద టీచర్ ఏదో చెప్పబోయింది. ఆయా వద్దన్నట్టు తలూపింది.

"అడక్కుండా పెట్టడం నా తప్పే మేడమ్. వెళ్లొస్తాను."

పదో రోజున బడి నుంచి ఫోన్ వచ్చింది.

పక్క పిల్ల మోచేతి మీద రెండు వరుసల పంటిగాట్లు.

"ఎన్నింటికి జరిగింది?" అమ్మ అడిగింది.

"పదింటికి. రేపొచ్చి టీసీ తీసుకెళ్లండి."

ఆ సాయంత్రం అమ్మ గుడ్డు ఉడికించింది. ఎనిమిది ముక్కలు కోసింది. కూతురి ఎదురుగా కూర్చుని, ఒక ముక్క అందించింది.

"నములు. ఇంకా నములు. ఏదీ, నోరు చూపించు."

పిల్ల నోరు తెరిచింది. అమ్మ చీర చెమటతో తడిసిపోయింది.

ఎనిమిది ముక్కలూ అయ్యేదాకా ఆమె లేవలేదు.

తెల్లారగానే డబ్బా పట్టుకుని పెద్ద టీచర్ ముందు నిలబడింది.

"ఒక్క నెల గడువివ్వండి. రోజూ పదింటికి నేనే వచ్చి, గేటు దగ్గర కూర్చుని పెట్టుకుంటాను. ఆయా ఇల్లెక్కడో చెప్పండి, కాళ్లయినా పట్టుకుంటాను."

"గది ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఎక్కడికో మాకూ తెలీదు."

అమ్మ కళ్లు తుడుచుకుంది గానీ కదల్లేదు.

"గడువిస్తాను," పెద్ద టీచర్ నెమ్మదిగా అంది. "మరి పిల్లకి పూచీ ఎవరు?"

"నేనే. రాసిస్తాను."

పెద్ద టీచర్ సొరుగులోంచి మడత పెట్టిన కాగితం తీసి ముందుంచింది.

"ఇలాగే రాయండి. మూడు నెలల క్రితం మీ పాపకి టీసీ రాసేశాం. అది ఆపించడానికి ఒకరు ఇది రాసిచ్చారు."

అమ్మ మడత విప్పింది.

వంకరటింకర అక్షరాల్లో రెండే వాక్యాలున్నాయి: "ఈ పాప ఆకలి నేను చూసుకుంటాను. మళ్లీ ఎవరినైనా కొరికితే పాపని కాదు, నన్ను తీసేయండి - ఆయా."