బూజు పట్టిన చుక్కరాయి

ఆకాశం నుంచి అడవిలో ఒక నల్లరాయి ఊడిపడింది. దాని కడుపులో మెరిసే లోహపు రజనుందని వడ్రంగిపిట్టకు ఒకటే ఆరాటం. పొడిచి పొడిచి ముక్కు సగం అరిగింది. ఇంకాస్త అరిగితే పురుగులు కూడా దొరకవు.

"అక్కా, నన్ను పట్టనివ్వు. నా పులుపుకు ఎంత గట్టి రాయైనా మెత్తబడుతుంది," అంది రాతిమీది బూజు.

"బూజు పట్టాక ఇంకేం మిగుల్తుంది?" అంటూ పిట్ట దాన్ని రోజూ రెక్కతో దులిపేసేది.

ఇంతలో ముసురు పట్టింది. పిట్ట వారం రోజులు తొర్ర దాటలేదు. తెరిపివ్వగానే పరుగున వచ్చి చూస్తే రాయంతా తెల్లటి బూజు!

"నా రాయిని పాడుచేశావు కదే!" అని కోపంగా ఒక్క పోటు పొడిచింది. పెచ్చు ఊడి, మెరుపుల రజను జలజలా రాలింది.

పిట్ట అడవంతా ఎగురుతూ ఒకటే కేకలు: "నా రాయికి బూజు పట్టిందర్రోయ్! ఎవరూ దులపకండి!"