చాలా నెమ్మది

“ఇది మీ చేతిరాతే కదా, టీచరుగారూ?”

పశువుల డాక్టరు కాగితాన్ని బల్ల మీద ఇటువైపు తిప్పాడు. టీచరు చూడనక్కర్లేదు. అయినా చూసింది. పాఠశాల ముద్ర కింద నాలుగే వాక్యాలు. మూడోదాని కింద ఎర్ర గీత ఉంది. ‘అమ్మాయి చాలా నెమ్మది.’

“నాదే,” అంది.

“మరి నన్నేం చెయ్యమంటారు? వేసవి శిబిరానికి ఎనిమిదిమందిని తీసుకుంటాం. నలభై రోజులు ఇక్కడే హాస్టల్లో ఉండి ఆసుపత్రి పని నేర్చుకోవాలి. ఈసారి ఎనభైమంది అడిగారు. మార్కులు అందరివీ ఒకటే తీరు. ఇక నాకు ఆధారం టీచర్లు రాసిన ఉత్తరాలే.”

కుర్చీ అంచున కూర్చున్న అమ్మాయి, పిచ్చుక, ముందుకు వంగింది. ఆరో తరగతిలో రెక్క విరిగిన పిచ్చుకను టిఫిన్ డబ్బాలో పెట్టుకుని బడికి తెచ్చిందని ఆ పేరు పడింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి పూర్తయింది. పశువుల డాక్టరు కావాలన్న కోరిక మాత్రం ఆ డబ్బా నాటిదే.

“నెమ్మదంటే మెల్లగా పనిచేస్తానని కాదు సార్. గొడవ చెయ్యను, సౌమ్యంగా ఉంటాను అని. టీచర్ ఆ అర్థంతోనే రాశారు. మీరు చెప్పండి టీచర్.”

‘పనిలో చురుకుదనం చాలదని టీచరు అభిప్రాయం’ అంటూ శిబిరం నుంచి జవాబు వచ్చిన రోజు నుంచీ ఆ పిల్లది ఇదే మాట. రెండు గంటల బస్సు ప్రయాణంలోనూ ఇదే మాట.

“జంతువుల దగ్గర చాలా ఓపిక తనకి,” అంది టీచరు. “నేను అలా రాసి ఉండకూడదు. తప్పు నాది.”

డాక్టరు నవ్వాడు. “భాష చెప్పే మీకే మాట తడబడితే మాలాంటివాళ్ల గతేంటండీ?”

టీచరు తల దించుకుంది.

గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ కాంపౌండరు కట్టు కట్టిన బొటనవేలు పైకెత్తి చూపించాడు. “ఇక్కడ నెమ్మదస్తులు పనికిరారమ్మా. ఇరవై ఏళ్ల సర్వీసు నాది. నిన్న ఒక్క క్షణం పరాకు పడ్డాను. ఇంత కుక్క.”

“కుక్క కాదు, కుందేలు,” అన్నాడు డాక్టరు.

“కుందేలని చెప్పుకుంటే పరువేముంటుంది సార్.”

పిచ్చుక ఫక్కున నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఇంత దూరం వెంటబెట్టుకుని వచ్చారు. మీకేమవుతుంది ఈ అమ్మాయి?” అని అడిగాడు డాక్టరు.

“మా అమ్మాయికి స్నేహితురాలు. ఇద్దరిదీ ఒకే బెంచీ.”

“మరి మీ అమ్మాయి దరఖాస్తు పెట్టలేదేం?”

టీచరు కిటికీ వైపు చూసింది.

“తను లేదు సార్,” అంది పిచ్చుక మెల్లగా. “కిందటి వానల్లో జ్వరం వచ్చి...”

డాక్టరు ఉత్తరాన్ని మడిచి ఫైల్లో పెట్టేశాడు. ఏదో అనబోయాడు. అంతలో వరండాలో గిన్నె దొర్లిన చప్పుడైంది. బుట్టలోంచి తప్పించుకున్న పిల్లి ఒకటి గదిలోకి దూసుకొచ్చింది. కాంపౌండరు “పట్టుకోండి, పట్టుకోండి” అంటూ తాను రెండడుగులు వెనక్కి వేశాడు. పిల్లి బల్ల మీదికి ఎగిరి మందుసీసాల వైపు తిరిగింది. పిచ్చుక ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. చూసేసరికి పిల్లి డాక్టరు కుర్చీ మీది తువ్వాల్లో ఉంది, తల మాత్రం బయట. కాసేపు గుర్రుమని, ఆ పిల్ల మోచేతి మీద గడ్డం ఆన్చింది. సీసా ఒక్కటీ కదల్లేదు.

“ఎవరు నేర్పారు?” అన్నాడు డాక్టరు.

“ఎవరూ నేర్పలేదు సార్. మా వీధి పిల్లులే.”

ఆయన టీచరు వైపు తిరిగాడు. “ఈ చేతులు చూసి ఉంటే మొదటి పేరు ఈ పిల్లదే రాసేవాణ్ణి. సోమవారం వచ్చినా సరిపోయేదండీ. ఒకమ్మాయి రాలేనంది. ఆ ఖాళీ నిన్ననే నింపేశాం.”

సోమవారమే వెళ్దామని ముందే అంది పిచ్చుక. పేపర్లు దిద్దాలి, గురువారం చూద్దామంది టీచరు.

“హాస్టల్లో చోటు ఇవ్వకపోయినా ఫర్వాలేదు,” అంది టీచరు. “ఊళ్లో గది నేను చూస్తాను. పగలు వచ్చి పని చేసుకుపోతుంది. మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను.” అలా ఒకరిని అడిగిన అలవాటు లేదామెకు.

“ఎనిమిదంటే ఎనిమిదేనండీ. నా చేతుల్లో లేదు.”

“పోనీ, వచ్చే ఏడు?”

“ఇది తొమ్మిది పూర్తయినవాళ్లకే. వచ్చే ఏటికి తను దాటిపోతుంది.”

పిచ్చుక పిల్లిని బుట్టలో పెట్టి, మూత గట్టిగా ఉందో లేదో రెండుసార్లు చూసి, డాక్టరుకు నమస్కారం చేసి బయటికి వచ్చింది.

బస్టాపులో నీడ ఒక బెంచీకే ఉంది. ఇద్దరూ దాని మీద కూర్చున్నారు. పిచ్చుక కొంతసేపు అటు తిరిగి ఏడ్చింది. టీచరు ఆమె వీపు మీద చెయ్యి వెయ్యబోయి, తీసేసుకుంది.

“నన్ను తిట్టు,” అంది.

“ఎందుకు టీచర్? ఒక్క మాట. ఎవరికైనా పొరపాటు జరుగుతుంది.” ముక్కు తుడుచుకుంది. “పిల్లులకి కట్లు కట్టడానికి హాస్టలెందుకే అని మా నాన్న ముందే అన్నాడు. ఆయన సంబరం చూడాలి ఇప్పుడు.”

టీచరు నవ్వలేకపోయింది. కూతురు పోయిన దగ్గర్నుంచి తన ఇంటి తలుపు తట్టే మనిషి ఈ పిల్ల ఒక్కతే. ఒక్క సాయంత్రమూ మానలేదు. వస్తుంది, స్నేహితురాలి బల్ల దగ్గర కూర్చుని పాఠం పైకి చదువుతుంది, దీపాలు పెట్టే వేళకి వెళ్లిపోతుంది.

దూరాన బస్సు కనిపించింది. పిచ్చుక లేచి టీచరు సంచీ కూడా భుజాన వేసుకుంది.

“మీరు బాధపడకండి టీచర్. నేను వెళ్లిపోతే ఈ నలభై రోజులూ మీరు ఒక్కరే ఎలా ఉంటారా అని నాకూ దిగులుగానే ఉండేది. ఇప్పుడు రోజూ వస్తాను.”

టీచరు ఉత్తరంలో ఆ మాట రాసింది అందుకే.