యాడా కాదు, యాడీ

డిసెంబరు 13, శనివారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. కోదాడలోని ఒక రికార్డింగ్ స్టూడియోకు ఒక స్త్రీ వచ్చి, పాటలో ఒక మాట తప్పుందని చెప్పింది.

పాట రచన అనే అమ్మాయిది. సూర్యాపేటలో పాస్టర్ ప్రభాకర్ కూతురు. వయసు ఇరవై ఆరు.

ఆగస్టులో యూట్యూబ్‌లో పెట్టిన ఆ పాటను డిసెంబరు నాటికి కోటీ పది లక్షల సార్లు విన్నారు. చర్చిలో పాడుకునే పాట. పెళ్లి బరాత్‌లలోనూ మోగింది.

హైదరాబాద్ కంపెనీ ఒకటి దాన్ని మళ్లీ రికార్డు చేయించి మంగళవారం విడుదల చేస్తానంది. బాణీ తన సొంతమని రచన సంతకం పెట్టి పంపాలి.

బాణీ ఎక్కడిదని ఎవరడిగినా ఆమె జవాబు ఒకటే. "చిన్నప్పటి నుంచి నా చెవిలో ఉంది. దేవుడిచ్చాడు."

పల్లవి ఇలా మొదలవుతుంది: యాడా, యాడా, యాడున్నవు ప్రభువా.

"యాడా కాదు బిడ్డా. యాడీ" అంది వచ్చిన స్త్రీ.

కీబోర్డు వాయించే ప్రవీణ్ హెడ్‌ఫోన్స్ తీశాడు. "ఎవరమ్మా మీరు? లోపల రికార్డింగ్ జరుగుతుంది."

"రంగి. హాలియా దగ్గర తండ."

"యాడ అంటే ఎక్కడ అని, పెద్దమ్మా."

"నాకెరుక లేదా? పొద్దుగాల కండక్టరు యాడికి అంటే కోదాడ అనే టికెట్ తీస్కున్న. గా యాడ వేరు. మా భాషల యాడీ అంటే అమ్మ."

ప్రవీణ్ నవ్వాడు. "ఈ పాట మాదేనని ఇప్పటికి ముగ్గురొచ్చారు. మీరు నాలుగో నంబరు."

"నాదని అన్ననా? మాట మార్చి పాడకున్రి అన్న. గంతే."

రచన మైకు వదిలి బయటికి వచ్చింది. "ఇది దేవుణ్ని వెతికే పాటమ్మా. ఇందుల అమ్మ ఎట్లొస్తది?"

"ముందుగాల అమ్మనే ఉండె. దేవుణ్ని మీరు తెచ్చిన్రు."

"కోటి మంది ఇట్లనే విన్నరు. ఇప్పుడు మారిస్తే ఒప్పుకోరు."

రంగి కాసేపు ఆమె ముఖం చూసింది.

"మీ అమ్మకు దగ్గు తగ్గిందా?"

"మా అమ్మకు దగ్గేం లేదు."

"లేకుంటే మంచిదే బిడ్డా."

టీ తెప్పిస్తానన్నా ఆగలేదు. మిర్యాలగూడ బస్సు ఉందని చెప్పి పదకొండున్నరకు వెళ్లిపోయింది.

నాలుగు గంటలకు రచన సంతకం చేసి, కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి కంపెనీకి పంపింది.

ఆరు గంటలకు సూర్యాపేటలో ఇంటికి చేరింది. జరిగింది తల్లి అహల్యకు నవ్వుతూ చెప్పింది. దగ్గు మాట వినగానే అహల్య చిక్కుడుకాయల ఈనెలు తీయడం ఆపింది.

"పేరేం చెప్పింది?"

"రంగి."

అహల్య కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నువ్వు పుట్టిన పదకొండో రోజు నాకు టీబీ అన్నరు. నిన్ను నా పక్కల పండుకోనియ్యలె. అప్పుడు మనం మిర్యాలగూడల ఉంటిమి. ఆమె వచ్చి నీకు పాలిచ్చింది. పద్నాలుగు నెలలు మనింట్లనే ఉండె."

"ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నీకు మొదట వచ్చిన మాట యాడీ. నన్ను సూసి అన్లె. ఆమెను సూసి అన్నవ్. తెల్లారి పంపించేసిన."

"మళ్ల రమ్మన్లేదా?"

"రమ్మన్లె."

"మరి పాట?"

"నిన్ను జోకొట్టుకుంట గదే పాడేది. మాటలు నాకు తెల్వయి."

ఆదివారం రచనకు రెండు సభలు ఉన్నాయి. ఒకటి గరిడేపల్లిలో, ఒకటి మిర్యాలగూడలో. రెండింటిలోనూ ఆ పాట పాడాలి.

"సోమవారం పోదాం" అంది.

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు తల్లీకూతుళ్లు తండాకు చేరారు. ఇంటి ముందు రంగి అన్న గేమ్యా ఉన్నాడు. తామెవరో చెప్పారు.

"నిన్న పది గంటలకు పోయింది" అన్నాడు.

"శనివారం మంచిగనే వచ్చింది గద తాతా! ఏమైంది?"

"కడుపుల గడ్డ. ఇగ ఇంటికి తీస్కపొమ్మని దవాఖానోళ్లు నెల కిందనే చెప్పిన్రు. మొన్న వద్దంటే ఇనలె. ఒక్క మాట చెప్పొస్త అని పోయింది."

అహల్య అరుగు మీద కూర్చుంది.

రచన అక్కడి నుంచే కంపెనీకి ఫోన్ చేసింది.

"నేను పెట్టిన సంతకం తప్పు సార్. బాణీ నాది కాదు. రంగి అని రాయండి. పల్లవిలో మాట కూడా మారుతుంది."

"హిట్టయిన మాటను మారుస్తారా మేడమ్? అట్లయితే రేపు రిలీజ్ ఉండదు. ఆ తర్వాత కూడా నేను మాటివ్వలేను."

"ఉండకపోతే పోనీయండి. ఇక మీదట ఎక్కడ పాడినా యాడీ అనే పాడతా."

ఫోన్ పెట్టేసి గేమ్యా దగ్గరికి వచ్చింది.

"తాతా, ఈ పాట ఆమెకు ఎవరు నేర్పిన్రు?"

"ఎవరు నేర్పలె. దాని కొడుకు నెల పిల్లగాడు, జొరమొచ్చి పోయిండు. వాడు పిలిచినట్టు కట్టుకొని ఏడ్సింది. మా తండల ఏడుపు సుత పాట లెక్కనే ఉంటది."

"ఎప్పుడది?"

గేమ్యాకు తారీఖులు తెలియవు. వారాలు గుర్తున్నాయి.

రంగి తన బిడ్డను మట్టి చేసింది మంగళవారం. పాస్టరు ఇంట్లో పసిపిల్లకు పాలు లేవని విని మిర్యాలగూడ వెళ్లింది ఆ శుక్రవారం.